రెండో తాళం ఏదని అడగండి

మొన్న విశాఖ ఎంవీపీ కాలనీలో మా అన్నయ్య వాళ్లింట్లో భోజనాలయ్యాక డాబా మీద గాలికి కూర్చున్నాం. రాత్రి పదకొండున్నర. అమెరికాలో, టెక్సాస్‌లోని డెంటన్‌లో ఎంఎస్ చేస్తున్న మా మేనల్లుడు వదినకు వీడియో కాల్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. మొహం చూస్తేనే ఏదో అయిందని తెలిసిపోయింది.

"అమ్మా, కార్ తాళం పోయింది. అత్తకివ్వు ఫోను."

సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో నిలబడ్డాడు. ట్రాలీ నిండా సరుకులు, నెత్తి మీద టెక్సాస్ ఎండ, ఎదురుగా లాకేసిన కారు. ఆ కారు రెండు నెలల క్రితం ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అమ్మినతను ఒక్కటే తాళం ఇచ్చాడట. "రెండోది ఏదని అడగలేదురా?" అన్నాను. "మొహమాటపడ్డానత్తా" అన్నాడు.

వదిన మధ్యలో అందుకుంది. "పోనీ పూర్ణా మార్కెట్లో చేయించి కొరియర్ చేసేద్దామా?" అందరం నవ్వాం గానీ, ఆవిడ తప్పేం లేదు. ఆ రోజు పొద్దున్నే స్కూటీకి మారుతాళం చేయించుకొచ్చింది, నేనూ పక్కనే ఉన్నాను. రోడ్డు పక్క గొడుగు కింద కూర్చున్నాయన గుత్తిలోంచి ఒక పచ్చి తాళం తీసి లాక్‌లో పెట్టి అటూ ఇటూ తిప్పాడు, బయటికి తీసి దాని మీద పడ్డ గీతలు వెలుతురులో చూశాడు, ఆకురాయితో నాలుగు రాపిళ్లు రాశాడు, మళ్లీ పెట్టి తిప్పాడు. పది నిమిషాల్లో బండి స్టార్టయింది. ఆ పనితనం చూసిన కళ్లకు, అమెరికాలో ఒక తాళానికి వందల డాలర్లంటే దోపిడీగానే కనిపిస్తుంది.

ఆగస్టులో విశాఖ నుంచి బయల్దేరే పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ తేడా ఎక్కడుందో చెప్తాను. కారు తాళంలో ఇనప ముక్క సగమే. ప్లాస్టిక్ తలలో బియ్యపు గింజంత చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న తీగ చుట్ట నుంచి దానికి కరెంటు అందుతుంది, వెంటనే అది తన కోడ్ చెప్తుంది. ఆ కోడ్ కారు కంప్యూటర్‌లో నమోదై ఉంటేనే ఇంజిన్ నడుస్తుంది. దీన్ని ఇమ్మొబిలైజర్ అంటారు. కాబట్టి మన పూర్ణా మార్కెట్ ఆయన ఎంత బాగా రాసిచ్చినా ఆ తాళంతో డోర్ తెరుచుకుంటుంది, స్టీరింగ్ కూడా తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. కొత్త తాళాన్ని కారుకు పరిచయం చేయాలి. స్టీరింగ్ కింద ఓబీడీ అనే సాకెట్ ఉంటుంది, అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి. దానికి మిషన్ తగిలించి ఆ పని చేస్తారు. డబ్బంతా అక్కడే.

ఇంకో సంగతి. చేతిలో ఒక తాళం ఉండగా రెండోది చేయించడం తేలిక. హార్డ్‌వేర్ షాపుల్లో కూడా కొన్ని కార్లకు చిప్ కాపీ చేసిస్తారు. కొన్ని ఫోర్డ్ కార్లకైతే పనిచేసే తాళాలు రెండుంటే మూడోది మనమే ప్రోగ్రామ్ చేసుకోవచ్చు, మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. అన్నీ పోయాయా, కథ మొదటికొస్తుంది. విన్ నంబరును, అంటే ఏ కారుకా కారుకు ఉండే గుర్తింపు నంబరును బట్టి తాళం కోత కోడ్ తెప్పించాలి, కోయాలి, ప్రోగ్రామ్ చేయాలి. డీలర్ దగ్గరికైతే కారును టో చేయించుకుని వెళ్లాలి. బటన్ స్టార్ట్ కార్ల రిమోట్‌కు డీలర్ దగ్గర రెండొందల నుంచి ఐదొందల డాలర్ల దాకా అవడం మామూలే.

ముందు స్టోర్‌లో కస్టమర్ సర్వీస్ కౌంటర్‌లో అడిగి రమ్మన్నాను. లేదు. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందన్నాడు. మామూలుగా వాళ్లు డోర్ తెరిచి పెడతారు, తాళం చేసివ్వరు. అప్పుడు అసలు చిక్కు బయటపడింది. తాళం ఎవరు చేసినా కారు నీదేనని రుజువు అడుగుతారు, అడగాలి కూడా. వీడి రిజిస్ట్రేషన్ కాగితం ఎక్కడుంది? గ్లవ్ బాక్సులో. గ్లవ్ బాక్సు లాకేసిన కారులో! మన దగ్గర ఆర్సీ డిజిలాకర్‌లో ఉంటుంది కదా, అలా అనుకోకండి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కార్డు కారు కొన్న రోజే ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. పదిహేడు అక్షరాల విన్ నంబరు మాత్రం డ్రైవర్ వైపు అద్దం కింద, డ్యాష్‌బోర్డు మీద బయటి నుంచే కనిపిస్తుంది.

ఈలోగా వాడు గూగుల్‌లో మొదట కనిపించిన నంబరుకు ఫోన్ కొట్టాడు. పందొమ్మిది డాలర్లన్నారట. వద్దురా అన్నాను. ఇది పాత మోసం. పందొమ్మిదన్నవాడు పేరూ ఊరూ లేని కారులో దిగి, లాక్‌ను డ్రిల్ చేయాలంటాడు, నాలుగైదొందలు చెప్తాడు. ఎండలో నిలబడ్డవాడు బేరమాడలేడని వాడికి తెలుసు. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి చోట్ల తాళాలవాళ్లకు లైసెన్సు ఉండాలి. ఫోన్‌లోనే లైసెన్సు నంబరు అడగండి. రావడానికి, కోతకు, ప్రోగ్రామింగ్‌కు కలిపి మొత్తం ఎంతో మెసేజ్‌లో పెట్టమనండి. అలా పెట్టినవాడు దొరికేసరికి మూడో ఫోనైంది. 260 డాలర్లు. మిషన్ ఎలాగూ తగిలించాడు కాబట్టి రెండో తాళం ఇంకో 80కి చేశాడు. పోయిన తాళాన్ని కారు మెమరీ నుంచి తీసేయించమని నేనే గుర్తు చేశాను. ఎవరికో దొరికి, పార్కింగ్‌లో బటన్ నొక్కుకుంటూ తిరిగితే?

డబ్బు మిగులుతుందని ఆన్‌లైన్‌లో చవక రిమోట్ కొనేవాళ్లకు ఒక మాట. రిమోట్ వెనక ఎఫ్‌సీసీ ఐడీ అనే గుర్తింపు కోడ్ రాసి ఉంటుంది, అది అక్షరం పొల్లుపోకుండా కలవాలి. రిమోట్ సిగ్నల్ ఫ్రీక్వెన్సీ అమెరికా కార్లలో చాలావాటికి 315 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 433. చూడ్డానికి ఒకేలా ఉన్నంత మాత్రాన పనిచేయదు.

పాత కారు కొనేవాళ్లు ఇది కూడా చూసుకోండి. ఇమ్మొబిలైజర్ యూరప్‌లో 1998 నుంచి, కెనడాలో 2007 నుంచి తప్పనిసరి. అమెరికాలో అలాంటి చట్టం లేదు. అందుకే 2011 నుంచి 2022 మధ్య అక్కడ అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో తాళం తిప్పి స్టార్ట్ చేసేవి చాలావరకు అది లేకుండానే వచ్చాయి. యూఎస్‌బీ ముక్కతో వాటిని ఎలా ఎత్తుకుపోవచ్చో కుర్రాళ్లు టిక్‌టాక్‌లో వీడియోలు పెట్టారు. 2023 ఫిబ్రవరిలో కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇవ్వడం మొదలుపెట్టాయి. అలాంటి కారు కొంటుంటే అప్‌డేట్ చేయించారో లేదో విన్ నంబరుతో డీలర్‌ని కనుక్కోండి. బటన్ స్టార్ట్ కారుంటే రిమోట్‌ను వీధి గుమ్మం పక్కన కొక్కేనికి తగిలించకండి. గోడవతల నిలబడి దాని సిగ్నల్ అందుకుని కారు దగ్గరున్న ఇంకొకడికి చేరవేసే దొంగలున్నారు. సిగ్నల్ బయటికి రానివ్వని పర్సులు దొరుకుతాయి, అందులో వేసుకోండి.

ఇంతకీ పోయిన తాళం నాలుగో రోజు దొరికింది. కందిపప్పు, బియ్యం సంచుల మధ్య, వంటింటి అల్మరా అడుగున. కిందికి పరిగెత్తి ప్రయత్నించాడట. డోర్ టక్కున తెరుచుకుంది. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం మిణుకుమిణుకుమంది, అంతే. వదిన మాత్రం, "అది ఇటు పంపించు, పూర్ణా మార్కెట్ ఆయనకు ఓసారి చూపిస్తాను" అంటోంది.