లెక్క తర్వాత, ముందు ఆ గోళీలు ఆపించండి

ప్రశ్న: మాది హనుమకొండ. ఒకప్పుడు మెకానిక్ షెడ్డు ఉన్న జాగాలో కట్టిన ఇంట్లో రెండేళ్లుగా కిరాయికి ఉంటున్నాం. రాత్రి తలుపులు వేస్తే బండల సందుల్లోంచి పెట్రోలు వాసన వస్తుంది. నా భార్యకు ఆరో నెల. రోజూ తలనొప్పి అంటే మెడికల్ షాపు నుంచి గోళీలు తెచ్చిస్తున్నా. ఈ ఆవిరితో క్యాన్సర్ ముప్పు ఎంతో లెక్కగట్టొచ్చా? రక్త పరీక్షలో తెలుస్తుందా?

జవాబు: గోళీ పేరు మీరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటిదైతే ఈరోజే ఆపించండి. 20 వారాలు దాటాక ఇవి వాడితే కడుపులో బిడ్డ కిడ్నీలపై ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉంది. గర్భిణికి షాపతను ఇచ్చిన గోళీ ఎలా వేస్తారండీ? పైగా ఆరో నెలలో రోజూ తలనొప్పి అంటే బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూడాల్సిందే. ఈరోజే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. చూపు మసకబారినా, ముఖం వాచినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. గోళీతో నొప్పి అణిగితే బీపీ పెరిగినా బయటపడకపోవచ్చు, నా భయం అదే.

బీపీ బాగుంటే, బయటికెళ్లినప్పుడు తలనొప్పి తగ్గుతోందా గమనించండి. తగ్గితే ఇంటి గాలినే అనుమానించాలి.

ఇక లెక్క. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది, అది లుకేమియా (రక్త క్యాన్సర్) తెస్తుంది. ఘనపు మీటరు గాలిలో 1 మైక్రోగ్రాము చొప్పున జీవితమంతా పీలిస్తే 10 లక్షల మందిలో అదనంగా 6 మందికి రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బయటి గాలికి మన దేశంలో పరిమితి ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు. మీ గదిలో ఎంతుందో కొలవందే మీ ముప్పు ఎవరూ చెప్పలేరు. వాసనను బట్టి అసలే చెప్పలేం, ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. తలుపులు మూసి ఉంచిన గదిలో ల్యాబ్ వాళ్లతో గాలి నమూనా తీయించండి. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఈ పని రెండేళ్ల కిందటే చేయాల్సింది.

సీబీపీ (రక్తకణాల లెక్క), స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే పరీక్ష) ఇద్దరూ చేయించుకోండి. రక్తకణాలు తగ్గాయా అన్నది తెలుస్తుంది. ఎంత పీల్చారో అందులో తెలియదు, నార్మల్ వచ్చిందని ఆ ఇంట్లోనే ఉండిపోవద్దు.

ఏడో నెలదాకా చూడకుండా డాక్టరుకు చూపించి ఆమెను ఇప్పుడే పుట్టింటికి పంపండి. మీరు కిటికీలు తెరిచి ఉంచండి, బండల సందులు, పైపుల చుట్టూ ఖాళీలు పూడ్పించండి. వాసన ఘాటుగా ఉన్నప్పుడు అగ్గిపుల్ల గీయొద్దు, స్విచ్ వేయొద్దు, వెంటనే బయటికి వచ్చేయండి.