సాలమాండర్‌ను కొరివి దెయ్యం అనొచ్చా?

అనువాదంలో ‘సాలమాండర్’ దగ్గర ఆగిపోయానని, నిఘంటువు బల్లి అంటోందని, కొరివి దెయ్యం అని రాయొచ్చా అని అడిగారు కదండీ. వద్దండి. కొరివి దెయ్యమంటే చచ్చిన మనిషి దెయ్యం. రాత్రిపూట పొలాల్లో, శ్మశానం వైపు మంటలా కనబడుతుందని చెప్పుకుంటారు. సాలమాండర్ ఎప్పుడూ మనిషి కాదు. 16వ శతాబ్దపు స్విస్ వైద్యుడు పారాసెల్సస్ నేల, నీరు, గాలి, నిప్పులకు ఒక్కో రకం జీవులను చెప్పాడు. నిప్పులో ఉండేది ఇది. రక్తమాంసాలుంటాయి, ఆత్మ ఉండదు.

అసలు జంతువు బల్లి కూడా కాదు, కప్పకు చుట్టం. నల్లటి ఒళ్లు, పసుపు మచ్చలు. పుచ్చిన దుంగల్లో, తడిలో దాక్కుంటుంది. ఆ దుంగను పొయ్యిలో పెడితే వేడికి బయటికి పాకుతుంది. చూసేవాళ్లకు మంటలోంచి పుట్టినట్టే ఉంటుంది. నమ్మకం అక్కణ్ణుంచే వచ్చిందంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. తనకు ఐదేళ్లప్పుడు నాన్న పొయ్యి మంటలో దాన్ని చూపించి, జన్మంతా గుర్తుండాలని చెవి మీద ఒక్కటిచ్చాడని ఇటలీ శిల్పి చెల్లీని ఆత్మకథలో రాసుకున్నాడు.

మీరు టెన్షన్ పడకుండా ‘సాలమాండర్’ అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట మాత్రం ‘నిప్పులో బతికే సాలమాండర్’ అనండి. తెలుగు పేరే కావాలంటే ‘అగ్నిజీవి’ నయం.