ఎర్రమట్టిలో మెటల్ డిటెక్టర్ ఆగకుండా కూస్తుంటే

రెడ్ హిల్స్ అవతల మీ మామగారి పొలంలో డిటెక్టర్ ఎక్కడ ఊపినా కూస్తోంది, రిపేరుకి ఇవ్వాలా అని అడిగారు కదండీ. తొందరపడకండి. ముందు కర్ర చివర పళ్ళెంలా ఉండే కాయిల్‌ని నడుము ఎత్తున గాల్లో కదలకుండా పట్టుకోండి. అప్పుడూ కూస్తే కరెంటు తీగలో, బోరు మోటారో, మీ జేబులో ఫోనో కారణం. ఫోన్ ఆపి, తీగలకు దూరంగా జరిగి చూడండి.

గాల్లో ఊరుకుని నేల దగ్గరే గోల చేస్తే మాత్రం అది ఎర్రమట్టిలోని ఇనుము పనే. లోహం లేని చోట గ్రౌండ్ బ్యాలెన్స్ (మట్టిలోని ఇనుముకి కూయకుండా చేసే సెట్టింగ్) పెట్టి, కాయిల్‌ని అడుగు ఎత్తు నుంచి రెండంగుళాల దాకా పైకీ కిందికీ ఆడిస్తూ శబ్దం నిలకడయ్యేదాకా సరిచేయండి. తర్వాత సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న సంకేతానికి కూయాలో చెప్పే సెట్టింగ్, తగ్గించండి. లోతు కాస్త తగ్గుతుంది, కానీ ఉత్తుత్తి కూతల వెంట గుంటలు తవ్వడం కన్నా నయం. చవక మోడళ్లలో గ్రౌండ్ బ్యాలెన్స్ ఉండదు, వాటికి సెన్సిటివిటీ తగ్గించడమే దారి.

మీరు అడగలేదు గానీ, పొలం సొంతదే అయినా నేలలో దాగినది పది రూపాయల విలువ దాటితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టరుకి రాసి తెలపాలి. నాణెం దొరికితే దాన్ని చింతపండుతో తోమకండి, మట్టితోనే కవర్లో వేయండి.