పట్టపగలు లైట్లు వెలుగుతున్నాయా? ముందు డాష్‌బోర్డు మీద ఏముందో చూడండి

పోయిన నెల వైపర్ల గురించి రాస్తే ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం, చీకటి పడితే వాటంతటవే వెలిగే ఆటో హెడ్‌లైట్ల మీదే ఉన్నాయి. ఎందుకో నాకూ అర్థం కాలేదు, బహుశా దసరాకి కొత్త బళ్ళు ఎక్కువ దిగినట్టున్నాయి. ఒకేలాంటివి అన్నీ కలిపేసి అయిదింటికి జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: సార్, మేం కారు కొని ఆరు నెలలైంది. లైట్ స్విచ్ ఎప్పుడూ ఆటోలోనే ఉంచుతాం. ఇన్నాళ్ళూ బానే ఉంది, దసరా పూజ చేయించిన దగ్గర్నించీ మిట్టమధ్యాహ్నం కూడా హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. ఎదురొచ్చే ప్రతివాడూ వేళ్ళు మూసి తెరిచి సైగ చేస్తున్నాడు, సిగ్గేస్తోంది. సర్వీసు సెంటర్‌లో సెన్సార్ పోయింది, మార్చాలి, పార్టు రావడానికి రెండు వారాలు పడుతుంది అన్నారు. ఇంకోటి, ఏసీ ఆటోలో పెడితే ఇదివరకటంత చల్లగా రావట్లేదు. రెండూ ఒకేసారి పాడయ్యాయా? — ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ ఏసీ మాట రాసి చాలా మంచి పని చేశారండీ, లేకపోతే నేను కూడా ఫ్యూజుల దగ్గర మొదలుపెట్టి ఎక్కడికో వెళ్ళిపోయేవాణ్ణి. దసరా పూజ అన్నారు కదా, డాష్‌బోర్డు మీద కొత్తగా వినాయకుణ్ణి గానీ వెంకటేశ్వర స్వామిని గానీ అతికించారేమో, లేదా ఎండకి డాష్‌బోర్డు పగలకుండా మ్యాట్ ఏదైనా వేశారేమో ఒకసారి చూడండి. చాలా బళ్ళల్లో ముందద్దానికి దగ్గరగా, డాష్‌బోర్డు పైన నల్లగా బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దగా ఒక బుడిపె ఉంటుంది, అదే సెన్సార్. దాని లోపల ఫోటోడయోడ్ ఉంటుంది, వెలుతురు పడితే దాంట్లో కరెంటు పుడుతుంది, వెలుతురు తగ్గితే కరెంటు తగ్గుతుంది, ఆ తేడా చూసి బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే డబ్బా లైట్లు వెయ్యాలా తియ్యాలా అని నిర్ణయిస్తుంది. దాని మీద స్వామిని కూర్చోబెడితే పాపం దానికి పగలు కూడా అమావాస్యే.

మరి ఏసీ సంగతేంటంటే, కొన్ని బళ్ళల్లో అదే బుడిపెలో ఎండ తీవ్రత చూసే సెన్సార్ కూడా కలిపి పెడతారు. ఆటో ఏసీ దాన్ని చూసుకుని ఎండ ఎక్కువుంటే గాలి పెంచుతుంది, చల్లదనం పెంచుతుంది. బుడిపె మూసేస్తే ఎండ లేదనుకుని నెమ్మదిగా పని చేస్తుంది. రెండు జబ్బులు ఒకేరోజు మొదలయ్యాయంటే రెండింటికీ మూలం ఒకటే అయ్యుంటుంది, మా మేస్త్రి చెప్పిన మాట ఇది.

సెన్సార్ మార్చేముందు ఇంట్లోనే టెస్ట్ చేసుకోవచ్చు. మధ్యాహ్నం ఆరుబయట బండి ఆపి, ఇంజన్ స్టార్ట్ చేసి, స్విచ్ ఆటోలో పెట్టండి. బుడిపె చుట్టూ అన్నీ తీసేసి, మెత్తటి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. డాష్‌బోర్డు మెరవడానికి కొట్టే పాలిష్ మాత్రం దాని మీద కొట్టొద్దు, జిడ్డు పొర కట్టి దుమ్ము పట్టేస్తుంది, పసుపు కుంకుమ పడి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. రెండు మూడు నిమిషాలు చూడండి, లైట్లు ఆరాయా? ఆరితే ఇప్పుడు నల్లగుడ్డ నాలుగు మడతలు వేసి బుడిపె మీద కప్పండి, కొన్ని సెకన్లలో వెలగాలి. కప్పితే వెలిగి, తీస్తే ఆరితే సెన్సార్ నిక్షేపంలా ఉన్నట్టే, ఒక్క రూపాయి పెట్టక్కర్లేదు. కప్పినా తీసినా వెలుగుతూనే ఉంటే అప్పుడు కనెక్టర్ ఊడిందా, వైరు తెగిందా, ఫ్యూజు పోయిందా అని చూడాలి. వైరు తెగితే లైట్లు ఆరిపోవాలి కదా అనుకుంటారు చాలామంది, కానీ ఎక్కువ బళ్ళల్లో సెన్సార్ నుంచి సిగ్నల్ రాకపోతే చీకటే అనుకుని లైట్లు వేసేస్తుంది, రాత్రిపూట లైట్లు లేకుండా పోవడం కంటే పగలు వెలగడమే నయం కదా మరి. స్కానర్ (బండి కంప్యూటర్‌లోని వివరాలు చూపించే పరికరం) పెట్టమనండి, సెన్సార్ రీడింగ్ స్క్రీన్ మీద కనిపిస్తుంది, చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ఆ అంకె మారుతుందో లేదో మీరే పక్కన నిలబడి చూడండి. ఆ అంకె చూపించకుండా పార్టు ఆర్డర్ పెడతానంటే వద్దనండి. స్వామిని మాత్రం అవతలి పక్కకి జరపండి, ఆయనేమీ అనుకోడు.

ప్రశ్న: అన్నా నమస్తే. నా బండ్ల ఆటో లైట్లు ఫ్లైఓవర్ కిందకి పోంగనే టక్కున వెలుగుతయి, బయటకొచ్చినంక మాత్రం ఆరనే ఆరవు, ఒక్కోసారి నిమిషం దాటినా వెలుగుతనే ఉంటయి. దోస్తుగాడు సెన్సార్ స్లో అయింది అంటుండు. సెట్టింగ్ మార్చొచ్చా? — కరీంనగర్

జవాబు: స్లో కాలేదు తమ్ముడూ, కావాలనే అట్లా పెట్టారు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 48వ నంబరుది లైట్ల గురించి, యూరప్‌లో అమ్మే బళ్ళన్నీ దాన్ని పాటించాలి. దాంట్లో లెక్క ఎట్లా ఉంటదంటే, బయట వెలుతురు 1000 లక్స్ (వెలుతురు కొలిచే లెక్క) కంటే తగ్గితే 2 సెకన్లలోపు లైట్లు వెలగాలి. 7000 లక్స్ దాటితే ఆరాలి, కానీ వెంటనే కాదు, కనీసం 5 సెకన్లు ఆగాలి, 300 సెకన్ల దాకా ఆగొచ్చు. మధ్యలో ఉంటే కంపెనీ ఇష్టం. నడి ఎండలో లక్ష లక్స్ దాకా ఉంటది, మబ్బు పట్టిన రోజు అందులో పదో వంతో అంతకన్నా తక్కువో ఉంటది, ఆఫీసు గదిలో ట్యూబులైట్ల కింద అయితే 500 లక్స్ చుట్టూ, ఇట్లా పోల్చుకో. ఇక్కడి బళ్ళకి ఆ అంకెలే ఉన్నాయని కాదు గానీ తొందరగా వెయ్యాలి, నిదానంగా తియ్యాలి అనే పద్ధతి మాత్రం దాదాపు అంతటా అదే. లేకపోతే దోర్నాల నుంచి శ్రీశైలం పోయే నల్లమల రోడ్డు ఊహించుకో, చెట్టు నీడకో ఎండకో లైట్లు టపటపా కొట్టుకుంటే వెనకొచ్చేవాడు నువ్వు బ్రేకు కొట్టావనుకుంటడు, ఎదురొచ్చేవాడు సైడ్ అడుగుతున్నావనుకుంటడు.

సెట్టింగ్ అంటావా, అది బండిని బట్టి. హోండా బళ్ళు కొన్నిట్లో స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఆటో లైట్ సెన్సిటివిటీ అని ఉంటది, మ్యాక్స్ నుంచి మిన్ దాకా అయిదు మెట్లు, సాయంత్రం తొందరగా వెలగాలంటే పైకి జరపాలి, లేటుగా వెలగాలంటే కిందికి. టొయోటా బళ్ళు కొన్నిట్లో డీలరు స్కానర్ పెట్టి మార్చి ఇస్తడు. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు కొందరు ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్‌కి తగిలించే చిన్న ముక్క) పెట్టి సొంతంగా కోడింగ్ చేసుకుంటరు, అంటే లోపలి సెట్టింగులు మార్చుకుంటరు, అది తెలిసినోళ్ళు చేసేది, తెలియకుండా వేలు పెడితే లైట్లతో పాటు ఇంకేదో ఆగిపోతది. నీ బండి మాన్యువల్ వెనక పేజీల్లో మార్చుకోదగ్గ ఫీచర్ల పట్టిక ఉంటది, అందులో లేకపోతే ఆ సెట్టింగ్ లేదనే అనుకో.

ప్రశ్న: మొన్న శీతాకాలం తెల్లవారుజామున లంబసింగి వెళ్ళాం. పొగమంచు ఎంతుందంటే పది గజాల అవతల ఏమీ కనపడలేదు, అయినా ఆటోలో లైట్లు వెలగలేదు, ఏడు గంటలప్పుడు. ముందు డీఆర్‌ఎల్ (పగటిపూట వెలిగే ముందు లైటు) వెలుగుతోంది కదా అని మావారు ఊరుకున్నారు. సెన్సార్ చెక్ చేయించాలా? — విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, సెన్సార్ తప్పేమీ లేదు, మీవారిదే కొంచెం. నాకు అన్నిటికన్నా భయం వేసిన ఉత్తరం ఇదే, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నా. సెన్సార్ వెలుతురు ఎంతుందో చూస్తుంది గానీ దారి కనపడుతుందో లేదో చూడదు. పొద్దెక్కాక మంచు తెల్లగా మెరుస్తుంది, సెన్సార్‌కి అది మంచి వెలుగు, మీకు గోడ. పగటివేళ జోరువానలో కూడా ఇదే కథ, కొన్ని బళ్ళల్లో వైపర్ వేస్తే హెడ్‌లైట్లు కూడా వెలిగే ఏర్పాటు ఉంటుంది కానీ అన్నిట్లో ఉండదు.

ఇక డీఆర్‌ఎల్ సంగతి. చాలా బళ్ళల్లో అది వెలిగితే ముందు మాత్రమే వెలుగుతుంది, వెనక ఎర్రలైట్లు ఆరిపోయే ఉంటాయి. అంటే వెనకాల లారీ వస్తుంటే వాడికి మీ కారు అక్కడున్నట్టే తెలియదు. కెనడాలో ఇలాంటి బళ్ళకి ఫాంటమ్ వెహికల్ అని పేరు కూడా పెట్టి, 2021 సెప్టెంబరు నుంచి కొత్త బళ్ళకి రూల్ తెచ్చారు, డీఆర్‌ఎల్‌తో పాటు వెనక లైట్లూ వెలగాలి, లేదా చీకట్లో అన్ని లైట్లూ వాటంతటవే వెలగాలి, లేదా లైట్లు వేసేదాకా మీటర్లు కనపడకుండా చీకటిగా ఉండాలి, మూడింట్లో ఏదో ఒకటి. మన దగ్గర 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలగాలన్నారు, కార్లకి కూడా అదే అనుకునేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు, అది టూవీలర్లకే.

అంచేత మంచులో, వానలో స్విచ్ ఆటో నుంచి తీసి చేత్తో డిమ్ వెయ్యండి, ఫాగ్ ల్యాంపులుంటే అవీ వెయ్యండి, హైబీమ్ వద్దు, మంచు మీద పడి తిరిగి మీ కళ్ళలోకే కొడుతుంది. వెనక లైట్లు వెలిగాయో లేదో మీవారిని ఒకసారి దిగి చూసి రమ్మనండి.

ప్రశ్న: ఓఆర్‌ఆర్ మీద లారీ నుంచి రాయి తగిలి ముందద్దం పగిలింది, ఇన్సూరెన్సులో బయట షాపులో మార్పించాను. అప్పట్నుంచి వానలేకపోయినా వైపర్ ఒకోసారి దానంతటదే ఊగుతోంది, హెడ్‌లైట్లు ఎప్పుడు వెలుగుతాయో ఎప్పుడు ఆరతాయో తెలియట్లేదు. అద్దం షాపువాడు మాకు సంబంధం లేదు కంపెనీకి వెళ్ళు అంటాడు, కంపెనీవాడు అద్దం మాది కాదంటాడు. — హైదరాబాద్

జవాబు: మీ బండిలో సెన్సార్ డాష్‌బోర్డు మీద కాదు, అద్దం మీద మధ్య మిర్రర్ వెనకాల ఉంటుంది, వాన, వెలుతురు రెండూ చూసేది ఒకే ముక్క. అది అద్దాన్ని నేరుగా తాకదు, మధ్యలో జెల్ ప్యాడ్ అని మెత్తగా జెల్లీలాంటి పొర ఉంటుంది. వాన ఎట్లా కనిపెడుతుందంటే లోపల్నించి ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఏటవాలుగా అద్దంలోకి పంపుతుంది, అద్దం పొడిగా ఉంటే ఆ కాంతి బయటివైపు తగిలి మళ్ళీ వెనక్కి వస్తుంది, పైన చుక్క పడితే ఆ చోట కాంతి బయటికి జారిపోతుంది, వెనక్కొచ్చేది తగ్గగానే వాన అనుకుంటుంది. ఇప్పుడు అద్దం మార్చేటప్పుడు పాత జెల్ ప్యాడే పీకి మళ్ళీ అంటిస్తే, లేదా దుమ్ముచేత్తో అంటిస్తే గాలి బుడగలు చేరతాయి. బుడగ ఉన్నచోట కూడా కాంతి దారి తప్పుతుంది, అదీ వైపర్ పిచ్చిగా ఊగడానికి కారణం. సెన్సార్ సరిగ్గా అతక్క పక్కకి వాలిందంటే వెలుతురు చూసే కన్ను కూడా ఆకాశానికి బదులు ప్లాస్టిక్ కవర్ని చూస్తూ కూర్చుంటుంది.

బండి బయట నిలబడి ముందద్దం లోంచి సెన్సార్ ఉన్న చోటు టార్చి వేసి చూడండి. నల్లటి నున్నటి మచ్చలా ఒకేలా ఉండాలి. తెల్లటి బుడగలో, వెంట్రుకలాంటి గీతలో కనిపిస్తే దొంగ దొరికినట్టే. కొత్త జెల్ ప్యాడ్ వేయించండి, అద్దంతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోది కాదు, పాతది కడిగి మళ్ళీ వాడటం మాత్రం ఒప్పుకోవద్దు. బుడగలు లేకపోతే అప్పుడు అద్దం సంగతి అడగండి, ఒకే మోడల్‌కి సెన్సార్ ఉన్న వేరియంట్ అద్దం వేరు, లేని వేరియంట్ అద్దం వేరు ఉంటాయి, సెన్సార్ కన్ను పెట్టే చోట నల్ల ప్రింట్ లేకుండా కిటికీలా వదలాలి. బిల్లు మీద పార్టు నంబరు చూసి మీ వేరియంట్‌తో సరిపోల్చమనండి. మీ బండిలో ఏడాస్ కెమెరా (దారి చూసి డ్రైవర్‌కి సాయం చేసేది) కూడా ఉంటే అద్దం మార్చాక దానికి కాలిబ్రేషన్ చెయ్యాలి, అంటే దాని చూపు మళ్ళీ సరిచెయ్యాలి, అది చేశారా అని కూడా రాతపూర్వకంగా అడగండి, ఇన్సూరెన్సు వాళ్ళకి అదే చూపించవచ్చు.

ఇంకొక అనుమానం, కొత్త అద్దం మీద కొత్త ఫాస్టాగ్ ఎక్కడ అంటించారు? మిర్రర్ వెనక పైభాగంలో మధ్యన అంటించమంటారు కదా, సెన్సార్ కూడా అక్కడే ఉంటుంది, సరిగ్గా దాని ముందు అంటించేసిన బళ్ళు నేనే రెండు చూశాను. కొంచెం పక్కకో కిందికో అంటిస్తే టోల్‌గేటుకీ పర్లేదు సెన్సార్‌కీ పర్లేదు. అద్దానికి ఫిల్మ్ వేయించి ఉంటే అది కూడా చూడండి, చట్టం ప్రకారం ముందద్దం లోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలి, పక్క అద్దాల్లోంచి 50 శాతం.

ప్రశ్న: మాది బేస్ మోడల్. ఆన్‌లైన్‌లో ఆటో హెడ్‌లైట్ కిట్ దొరుకుతోంది, పక్కూరి ఎలక్ట్రీషియన్ పెడతానంటున్నాడు. పెట్టించనా? — నిజామాబాద్

జవాబు: వద్దండీ. పాత బళ్ళల్లో లైట్ స్విచ్ లోంచే రిలేకి (లైట్లకి కరెంటు కలిపే, తెంపే చిన్న డబ్బా) కరెంటు వెళ్ళేది, మధ్యలో ఒక సెన్సార్ పెట్టినా నడిచిపోయేది. ఇప్పటి బళ్ళల్లో స్విచ్ పంపేది సిగ్నల్ మాత్రమే, ఆ సిగ్నల్ వైరుకి చిల్లర కిట్ కోసి కలిపితే మాడ్యూల్ గందరగోళపడుతుంది, మీటర్లో లైటు గుర్తు రాదు, ఒకోసారి బండి లాక్ చేసి పోయినా పార్కింగ్ లైట్లు వెలుగుతూనే ఉండి తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. వైరు కోశారంటే వారంటీ దగ్గర పేచీ ఎలాగూ తప్పదు. కొన్ని మోడళ్ళకి పై వేరియంట్ స్విచ్, సెన్సార్ తెచ్చి పెట్టి స్కానర్‌తో కోడింగ్ చేస్తే కంపెనీ బండిలాగే పనిచేస్తుంది, మీ మోడల్‌కి అది కుదురుతుందో లేదో, కుదిరితే వారంటీ ఉంటుందో లేదో షోరూములో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వమంటే చాలామంది వెనక్కి తగ్గుతారు, అప్పుడు సాయంత్రం ఆరింటికి చేత్తోనే స్విచ్ తిప్పుకోండి.