‘మిల్టన్ + ఎస్పెరాంజా’ ఆల్బమ్ సగంలో ఆపేశాను, మళ్లీ వినాలా?

జాజ్, బ్రెజిల్ సంగీతం కలిసిన కొత్త ఆల్బమ్ అని ఎవరో చెబితే పెట్టుకున్నానని, అందులో పాడిన పెద్దాయన, బ్రెజిల్ గాయకుడు మిల్టన్ నాసిమెంటో గొంతు వణుకుతుంటే వినలేక ఆపేశానని రాశారు. 2024 ఆగస్టులో అది విడుదలైన వారం నేనూ అంతే చేశాను. ఆఫీసు నుంచి ఇంటికెళ్లే బస్సులో విన్నాను. ‘కైస్’ పాట మధ్యలో ఇయర్‌ఫోన్లు తీసేశాను.

తర్వాత ఆదివారం ఇదే పాట మిల్టన్ నాసిమెంటో 1972లో ఎలా పాడారో విన్నాను. ‘క్లుబి ద ఎస్కినా’ ఆల్బమ్‌లో ఉంది. అప్పటికి ఆయనకు ముప్ఫై నిండలేదు. గొంతు ఎంత పైకి వెళ్లినా ఒత్తిడి ఉండదు. అది అయిపోగానే కొత్త ‘కైస్’ పెట్టాను. ఎనభై దాటిన మనిషి అదే పాట. ఈసారి కదలకుండా చివరిదాకా విన్నాను. మన కచేరీల్లో పెద్ద విద్వాంసులను చివరి రోజుల్లో విన్నవాళ్లకు ఇది తెలుసు: గొంతు సహకరించదు, కానీ ఏ మాట దగ్గర ఆగాలో, దేన్ని వదిలెయ్యాలో ఆ పెద్దలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మిల్టన్‌తో కలిసి ఈ ఆల్బమ్ చేసిన ఎస్పెరాంజా స్పాల్డింగ్ ఆ వణుకును దాచే పని పెట్టుకోలేదు. ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఆవిడ అమెరికన్. బేస్ అనే మంద్రస్వరాల తంత్రీవాద్యం వాయిస్తూ పాడతారు, పాటలు రాస్తారు. 2011లో ఉత్తమ నూతన కళాకారిణిగా గ్రామీ అందుకున్నారు. జాజ్ నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటి వ్యక్తి ఆవిడే. మిల్టన్ పాటల మీద ఇష్టం మాత్రం పాతది. 2008 నాటి తన ఆల్బమ్‌ను మిల్టన్ పాట ‘పొంటా జి అరేయా’తోనే మొదలుపెట్టారు. ఆ పాట తాళం తొమ్మిది లెక్క, మన సంగీతంలో దాన్ని సంకీర్ణం అంటాం. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాను, అందుకేనేమో మొదటిసారి వింటున్నప్పుడే నా చెయ్యి తొడ మీద సంకీర్ణం వేసుకుంటూ పోయింది. లెక్క కష్టమైనదే, కానీ రాగం జోలపాటలా ఉంటుంది.

ఒక్క మాట. బ్రెజిల్ అంటే బోసా నోవా (సాంబా, జాజ్ కలిసిన మెత్తటి బాణీ) అనుకుని వస్తే ఇక్కడ అది దొరకదు. అది రియో డి జనీరో నగరానిది. దానికోసమైతే 1964లో వచ్చిన ‘గెట్జ్/జిల్‌బెర్టో’ వినండి. మిల్టన్ పెరిగింది లోపలి కొండల రాష్ట్రం మీనాస్ జెరైస్‌లో. ఆయన పాటలో చర్చి బృందగానం ఎక్కువ వినిపిస్తుంది.

అందుకని మళ్లీ ఈ ఆల్బమ్‌తోనే మొదలుపెట్టకండి. ముందు 1975లో సాక్సొఫోన్ విద్వాంసుడు వేన్ షార్టర్ మిల్టన్‌తో కలిసి చేసిన ‘నేటివ్ డాన్సర్’ వినండి. జాజ్ వాళ్లకు మిల్టన్‌ను దగ్గర చేసింది అదే. తర్వాత పాత ‘కైస్’, ఆ వెంటనే కొత్త ‘కైస్’. అప్పుడు మిగతాది. మధ్యమధ్యలో వచ్చే చిన్న ముక్కలు దాటెయ్యకండి. షార్టర్ 2023 మార్చిలో పోయారు. కొత్త ఆల్బమ్‌లో ఆఖరి పాట ఆయనదే, ఆయన భార్య కరొలీనా కూడా అందులో గొంతు కలిపారు. అక్కడిదాకా విన్నాక ఎలా ఉందో రాయండి.