మీ ఆయన్ని రైల్లోనే వదిలేశావేంటి?

అమ్మాయ్,

నువ్వు పంపిన మంగోలియా వ్యాసం రెండుసార్లు చదివాను. రాత్రి పడుకునే ముందు ఫోన్లో ఒకసారి, పొద్దున్నే ప్రింటు తీయించుకుని పెన్ను పట్టుకుని ఇంకోసారి. ముందే చెప్తున్నా, నన్ను మేడమ్ అనకు. అక్కా అను చాలు. మేడమ్ అంటే మార్కులు వేయాల్సొస్తుంది.

వ్యాసం మొదట్లో ఉలాన్‌బాతర్ స్టేషన్లో ఇద్దరు రైలెక్కారు. సాయిన్‌షాండ్‌లో దిగింది మాత్రం ఒక్కదానివే. మీ ఆయన ఏమయ్యాడమ్మా? రైలు దిగాక నాలుగో పేజీలో ఒంటె పక్కన నిలబడి ఫోటో తీశాడని ఒక ముక్క ఉంది, ఆ తర్వాత ఎక్కడా లేడు. అయిదు రోజులు ఒకే గుడారంలో, ఒకే పొయ్యి చుట్టూ ఉన్న మనిషి ఒక్క మాటైనా మాట్లాడకుండా ఉన్నాడా?

నేనూ ఇదే తప్పు చేశాను కాబట్టి అడుగుతున్నా. 2011 ఫిబ్రవరిలో మేమిద్దరం రష్యాలోని ఉలాన్‌ ఉదే నుంచి రైల్లో మంగోలియా వెళ్లాం. సరిహద్దులో నౌష్కి దగ్గర గంటల తరబడి బండి ఆగిపోయింది, ఆగినంతసేపూ మరుగుదొడ్డికి తాళం. ఆ ముందు నేను మూడు గ్లాసుల టీ తాగి ఉన్నాను, వద్దని మా ఆయన చెప్తూనే ఉన్నాడు. అక్కణ్ణుంచి ఉలాన్‌బాతర్, బొగ్గుపొగతో కళ్లు మండే ఊరు. తర్వాత జీపులో అర్ఖంగాయ్ వైపు ఒక కాపరుల ఇంట్లో ఆరు రోజులు. తిరిగొచ్చి ఒక పత్రికకు పెద్ద వ్యాసం రాశాను, వేశారు, ఉత్తరాలు కూడా వచ్చాయి. మా ఆయన చదివి పేపరు మడిచి పెట్టి, "నేనూ టికెట్టు కొనుక్కునే వచ్చానే, ఎక్కడా కనపడనే" అన్నాడు. అప్పుడు నవ్వేశాను. అసలు సంగతి అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మావారిది అనంతపురం వైపు. చిన్నప్పుడు వాళ్ల చేలో ఎరువు కోసం గొల్లవాళ్లతో మంద పెట్టించుకునేవాళ్లు. జీవాల వాసన తెలిసిన మనిషి. రెండో రోజు పొద్దున దొడ్డి దగ్గర నిలబడి నాతో మెల్లగా అన్నాడు: "ఇది మూడొందల జీవాలకు కట్టిన దొడ్డిలా ఉందే, లోపల నూరు కూడా లేవు." నేను వినిపించుకోలేదు. అప్పటికే నా నోటుపుస్తకంలో "ఉన్నదాంతో తృప్తిపడే మనుషులు, విశాలమైన ఖాళీ" అని రాసేసుకున్నాను, పైగా ఆ వాక్యం నాకు భలే నచ్చింది. తిరిగొచ్చేటప్పుడు జీపు డ్రైవరు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు, ఆ కాపరుల మంద ముందటి చలికాలంలో పోయిందట. 2009-10 జుద్, అంటే మేత అందక మందలు చచ్చిపోయే చలికాలం. ఆ ఒక్క చలికాలంలో దేశం మొత్తమ్మీద 80 లక్షలకు పైగా జీవాలు చచ్చిపోయాయి. నేను తృప్తి అని రాసుకున్న ఖాళీ అదీ. పక్కనున్నవాడు చూపించినా చూడలేదు, తెలిశాక వ్యాసం మార్చనూ లేదు. అప్పటికే పత్రికకు పంపేశాను కదా అని సర్దిచెప్పుకున్నాను.

అందుకే ఆయన్ని మళ్లీ లోపలికి తీసుకురా. ప్రేమగా రాయమని కాదు. ఇద్దరు వెళ్లినప్పుడు ఇద్దరూ వేరువేరు సంగతులు చూస్తారు, గొడవ అక్కడే మొదలవుతుంది, వ్యాసం కూడా అక్కడే మొదలవ్వాలి. మీరు పోట్లాడుకోలేదని మాత్రం చెప్పకు. బయట మైనస్ ముప్పై, లోపల పొయ్యి పక్క కూర్చుంటే చెమట, వీపు వైపు వణుకు, స్నానం లేదు, గోడలు లేవు, ఇంటివాళ్లంతా అక్కడే. మేం మూడో రోజు పోయిన చేతిగ్లోవు గురించి తెలుగులో గుసగుసగా పోట్లాడుకున్నాం, ఎవరికీ అర్థం కాదులే అన్న ధైర్యం. ఆ ఇంటావిడకు తెలుగు రాదు కానీ కాపురం తెలుసు. టీ కలుపుతూ ఒకసారి మా ఇద్దర్నీ చూసింది, మా ఆయన చేతికి గొడ్డలిచ్చి కొడుకుతో పాటు ఏటి మీద ఐసు కొట్టుకురమ్మని పంపేసింది. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని ఒళ్లో అప్పుడే ఈనిన గొర్రెపిల్లను పెట్టింది, ఇంకా తడిగానే ఉంది. తల్లి దాన్ని దగ్గరికి రానివ్వడం లేదు, పాలు చేపడం లేదు. ఆవిడ ఆ తల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుని "తోయ్‌గ్, తోయ్‌గ్" అంటూ ఒకటే రాగంలో పాడుతూ ఉండిపోయింది, ఎంతసేపో తెలీదు, నా కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి. మా ఆయన ఐసుగడ్డల గోతం భుజానేసుకుని మీసాల నిండా మంచుతో లోపలికి వచ్చేసరికి పిల్ల పాలు తాగుతోంది. గిన్నెలో ఐసుగడ్డ కరుగుతుంటే అందులోంచి ఒక గడ్డిపరక పైకి తేలింది. ఇదంతా నా వ్యాసంలో ఒక్క ముక్క లేదు, చెంఘిజ్ ఖాన్ గురించి మాత్రం పేరా ఉంది!

ఇక నీ వాక్యాలు. "మంచు దుప్పటి" మూడుసార్లు వచ్చింది, మూడూ కొట్టేశాను. నువ్వు వెళ్లింది గోబీ, అక్కడ మంచు పలచగా పడుతుందని నువ్వే రెండో పేజీలో రాశావు. అదీగాక మంచు నీకు చూడ్డానికి ఎలా ఉందో రాశావే గానీ, వాళ్లకు అదేం చేస్తుందో అడగలేదు. మోకాలి లోతు పడితే గడ్డి అందదు, అది తెల్ల జుద్. కాస్త కరిగి మళ్లీ గడ్డకడితే నేలంతా రేకు పరిచినట్టయి డెక్కతో గోకినా పగలదు, అది ఇనుప జుద్. అసలు పడకపోతే ఇంకో కష్టం, నీళ్లు గడ్డకట్టే కాలంలో జీవాలు మంచు తినే దాహం తీర్చుకుంటాయి మరి, అది నల్ల జుద్. ఎంత పడితే మేలో ఆ ఇంటాయన ఆకాశం చూసి చెప్తాడు. ఆయన ఆకాశం చూసినప్పుడు మొహం ఎలా ఉందో నీకు గుర్తుంటే ఆ దుప్పటి తీసి అది పెట్టు.

"గాలివాటంగా తిరిగే స్వేచ్ఛాజీవులు" కూడా తీసెయ్. చలికాలంలో వాళ్లు ఎటుపడితే అటు తిరగరు. గాలి తగలని కొండవార శీతాకాలపు తావు ఉంటుంది, దొడ్డి అక్కడే కట్టి ఉంటుంది, ఏటా అక్కడికే వస్తారు. ఇంట్లో పిల్లలు లేరని రాసి వదిలేశావు. ఎక్కడున్నారు? సోమ్ కేంద్రంలో, అంటే మన మండల కేంద్రం లాంటి చోట, బడి హాస్టల్లో ఉండి ఉంటారు, వాళ్లను తల్లిదండ్రులు ఎప్పుడు చూస్తారో అడగాల్సింది. ఇంకొకటి, నువ్వు పంపిన గెర్ ఫోటోలో, అదే వాళ్ల గుడారం ఫోటోలో, కుడివైపు అంచు దగ్గర సోలార్ పలక మూల కనిపిస్తోంది, మిగతాది కత్తిరించావు, అవునా? లక్ష గెర్‌లకు సోలార్ కరెంటు ఇవ్వాలని అక్కడి ప్రభుత్వం 2000లో పథకం పెట్టింది, పదేళ్లు పైబడి పట్టినా పూర్తిచేసింది. వాళ్లు ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటే నీ వ్యాసానికి వచ్చిన నష్టమేంటి?

మాటల విషయంలో కూడా కొంచెం చూసుకో. "పశుసంపద" ఏంటి, అదేమన్నా బడ్జెట్ ప్రసంగమా! గొర్రెలనీ మేకలనీ మనవాళ్లు జీవాలంటారు, ఇంతకంటే మంచి మాట నాకు తెలీదు. "ఎండిన పేడ ఇంధనం" అని రాశావు. మన పిడకలు చేత్తో చరిచినవి, వాళ్ల అర్గల్ మైదానంలో దానంతటదే ఎండిపోయి ఉంటే ఏరుకొచ్చేది, ఆ తేడా ఒక్క వాక్యంలో చెప్పి తర్వాత హాయిగా పిడక అనే రాయి. అలాగని వాళ్లను మన గొల్లకురుమలను చేసెయ్యకు, పోలిక ఒక్కచోట ఉంటే చాలు.

రైలు పట్టాల వెడల్పు 1520 మిల్లీమీటర్లని, చైనా వైపు 1435 అని, అందుకే సరిహద్దులో పెట్టెలను పైకెత్తి చక్రాలు మారుస్తారని ముప్పావు పేజీ రాశావు. లెక్క సరిగ్గానే ఉంది. కానీ నువ్వు చైనా దాకా వెళ్లనే లేదు కదా, తీసెయ్. పెట్టె చివర బొగ్గు బాయిలరు, పారతో బొగ్గు వేసే అటెండరమ్మ, ఆవిడ బాయిలరు పక్క తాడు మీద ఆరేసుకున్న సాక్సులు, ఇవి ఉండాలి.

నీ వ్యాసంలో నాకు నిజంగా అసూయ పుట్టించినవి రెండు చోట్లు. ఒకటి, ఇంటి పెద్దాయన వేళ్ల మీద తొమ్మిది తొమ్మిదులు లెక్కపెట్టి చూపించడం. డిసెంబరు చివర్లో మొదలయ్యే ఎనభై ఒక్క రోజుల చలి, మొదటి తొమ్మిదిలో పాలసారా గడ్డకడుతుంది, మూడో తొమ్మిదిలో మూడేళ్ల ఎద్దు కొమ్ము చలికి రాలిపోతుంది, అయిదో తొమ్మిదికి వండిన అన్నం గడ్డకట్టదు, ఆరో తొమ్మిదికి దారి బయటపడుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన నాయనమ్మలు అన్నట్టే ఉంది, కదూ? అక్కడ నువ్వు ఏ వ్యాఖ్యానమూ చెయ్యలేదు, బతికించావు.

రెండోది, రైలు కిటికీకి లోపలివైపే మంచు పేరుకుపోతే మీ ఆయన హైదరాబాద్ మెట్రో కార్డుతో దాన్ని గీకి, అరచెయ్యంత కంత చేసి నిన్ను చూడమన్నాడని. పదకొండో పేరాలో, బ్రాకెట్లో పెట్టావు దాన్ని! దాన్ని తీసి మొదట పెట్టు. నువ్వు ఆ కంతలోంచి ఏం చూశావో రాశావు గానీ, నీ తర్వాత ఆయన కూడా చూసి ఉంటాడు కదా, ఆయనకేం కనిపించిందో అడిగి రాసి మళ్లీ పంపు. ఆ కార్డులో బ్యాలెన్స్ ఎంత మిగిలిందో కూడా కనుక్కో.

ఉంటాను,
అక్క