పాత కాసియో కాలిక్యులేటర్ స్లైడ్ స్విచ్: మార్చే ముందు శుభ్రం చేయండి

అన్నగారూ, మీ కాలిక్యులేటర్ ఆన్/ఆఫ్ మీటను వేలితో నొక్కిపట్టుకుంటేనే పచ్చంకెలు వెలుగుతున్నాయన్నారు. అంటే చిప్ బాగానే ఉంది, స్విచ్ కాంటాక్టులకు చిలుము పట్టింది. మన గుంటూరు, బెజవాడ ఉక్కకి ఇది మామూలే.

ముందు సెల్స్ తీసేయండి. పచ్చ డిస్‌ప్లేకి బోర్డు మీద సెల్స్ కన్నా చాలా ఎక్కువ వోల్టేజీ తయారవుతుంది. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి స్విచ్ కాళ్ల మధ్య చూడండి. ఆన్‌లో 1 ఓమ్ లోపే రావాలి. అంకె నిలకడగా లేకపోతే తప్పు అక్కడే. సెల్‌ఫోన్ రిపేరువాళ్లు వాడే 99% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు సందులో వేసి, మీటను 30, 40 సార్లు అటూ ఇటూ జరపండి. ఆరాక మళ్లీ కొలవండి.

అప్పటికీ తగ్గకపోతే స్విచ్ విప్పాల్సిందే. స్విచ్ మూతను పట్టి ఉంచే రేకు చెవులు ఒక్కసారే, మెల్లగా ఎత్తండి. పదేపదే వంచితే పుటుక్కున విరుగుతాయి. లోపలి చిన్న రేకు నల్లగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. గరుకు కాగితం మాత్రం వద్దే వద్దు, పూత లేచిపోయి త్వరగా మళ్లీ నల్లబడుతుంది. రేకు వదులైతే పిన్నుతో వెంట్రుకవాసి వంచండి, పట్టు వస్తుంది. సెల్స్ కారిన తెల్లపొడి కనిపిస్తే ముందు వెనిగర్ అద్దిన ఇయర్‌బడ్‌తో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడవండి.